పాఠం 11. విలియం స్లీమన్ – నమ్మకం అనే ముసుగు

11.1 పరిచయం

లార్డ్ విలియం బెంటింక్ పాలన గురించి చదివేటప్పుడు మీకు రెండు విషయాలు పక్కపక్కనే కనిపించి ఉంటాయి. ఆయన సతీసహగమనాన్ని నిషేధించాడని, థగ్గులను అణచివేశాడని. పరీక్షలో ఒక మార్కు ప్రశ్నకు ఈ మాత్రం చాలు. కాని ఆ థగ్గులు ఎవరు? వారిని సాటి మనుషులు అన్నేళ్ళపాటు ఎందుకు గుర్తించలేకపోయారు? ఎలా గుర్తించారు? ఈ ప్రశ్నలకు జవాబు వెదకాలంటే ఒక మనిషి జీవితాన్ని తెలుసుకోవాలి. ఆయన పేరు విలియం హెన్రీ స్లీమన్.

తెలుగులో నమ్మించి గొంతుకోయడం అనే మాట ఉంది. మనం దాన్ని మోసం అనే అర్థంలో వాడుతుంటాం. స్లీమన్ తన జీవితంలో మంచి భాగం ఈ మాట అక్షరాలా నిజమైన మనుషుల మధ్య గడిపాడు. వారు కత్తి వాడలేదు, రుమాలు వాడారు. అంతే తేడా.

ఈ పాఠాన్ని ఒక దొరగారి విజయగాథగా చదవవద్దు. ఆయన కనిపెట్టినదీ ఉంది, ఆయన పొరబడినదీ ఉంది. రెండూ మనకు పనికివచ్చేవే.

11.2 కార్న్‌వాల్ నుండి నర్మదా తీరానికి

స్లీమన్ 1788 ఆగస్టు 8న ఇంగ్లండు నైరుతి మూలన ఉన్న కార్న్‌వాల్‌లో, స్ట్రాటన్ అనే చిన్న ఊరిలో పుట్టాడు. తండ్రి ఎక్సైజు శాఖ ఉద్యోగి. 1809లో స్లీమన్ ఈస్టిండియా కంపెనీవారి బెంగాల్ సైన్యంలో చేరాడు. 1814 నుండి 1816 వరకు జరిగిన నేపాల్ యుద్ధంలో పాల్గొన్నాడు. తోటి అధికారులలో చాలామందికి లేని అలవాటు ఒకటి ఆయనకు ఉండేది. ఆయన భాషలు నేర్చుకున్నాడు. హిందుస్తానీ, పారశీకం, అరబిక్ పట్టుదలతో అభ్యసించాడు. దుబాసీ మధ్యలో లేకుండా రైతుతోనూ సిపాయితోనూ నేరుగా మాట్లాడగలిగేవాడు. ఆయన తరువాత చేసిన పనికంతటికీ ఇదే పునాది.

1820లో ఆయన సైన్యం నుండి పరిపాలనలోకి మారాడు. మరాఠాల నుండి కంపెనీ చేతికి కొత్తగా వచ్చిన సాగర్–నర్మదా భూభాగాలలో, అంటే ఇప్పటి మధ్యప్రదేశ్‌లో, గవర్నర్ జనరల్ ఏజెంటుకు సహాయకుడిగా నియమితుడయ్యాడు. 1822లో నర్సింగ్‌పూర్ జిల్లా బాధ్యత ఆయనకు అప్పగించారు. భూమిశిస్తు వసూలు, తగాదాల విచారణ, దొంగతనాల కేసులు అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి.

ఆయనకు అన్నిటిమీదా ఆసక్తి ఉండేది. 1828లో జబల్‌పూర్ దగ్గర బడా సిమ్లా అనే గుట్టలో రాయిగా మారిన ఎముకలు ఏరి భద్రపరిచాడు. భారతదేశంలో దొరికిన తొలి డైనోసార్ శిలాజాలు అవేనని తరువాత తేలింది. 1829లో అమేలీ అనే ఫ్రెంచి వనితను వివాహం చేసుకున్నాడు. అదే సంవత్సరం నవంబరులో నర్మద ఒడ్డున ఒక ముసలి వితంతువు భర్త చితిమీద సహగమనం చేస్తానని పట్టుబట్టింది. స్లీమన్ అనుమతి నిరాకరించాడు. ఆమె నీటి మధ్యనున్న బండమీద రోజుల తరబడి అన్నం ముట్టకుండా కూర్చుంది. ఆయన వెళ్ళి మాట్లాడాడు, నచ్చజెప్పాడు, చివరికి ఓడిపోయి అనుమతించాడు. ఆయన చేసింది తప్పనే నా అభిప్రాయం. అయితే ఎదుటి మనిషి మనసులో ఏముందో తెలుసుకోవాలన్న తపన ఆయనలో ఎంత ఉండేదో ఈ సంఘటనలో కనిపిస్తుంది. ఆ తపనే ఆయనను థగ్గుల దగ్గరికి తీసుకువెళ్ళింది.

11.3 కచేరీకి కూతవేటు దూరంలో

నర్సింగ్‌పూర్‌లో ఉన్న రోజులలో తన జిల్లాలో తనకు తెలియని నేరం లేదని స్లీమన్ నమ్మేవాడు. ప్రతి చిల్లర దొంగ పేరూ ఆయనకు తెలుసు. ఇది థగ్గుల దేశమని ఎవరైనా అప్పట్లో అని ఉంటే ఆ మనిషిని పిచ్చివాడనుకుని ఉండేవాడినని ఆయనే తరువాత రాసుకున్నాడు.

నిజం వేరుగా ఉంది. ఆయన కచేరీకి నాలుగు వందల గజాల దూరంలోని కందేలీ గ్రామంలో హంతకుల ముఠా ఒకటి నివసిస్తూ ఉండేది. ఆయన ఉన్నచోటికి ఒక మజిలీ దూరంలో, సాగర్–భోపాల్ బాటలో ఉన్న మండేసుర్ తోపులు ఆ ప్రాంతమంతటిలోకీ పేరుమోసిన హత్యాస్థలాలు. బాటసారులు చల్లగా ఉందని ఆగే చెట్ల కింద, నేలలో శవాలు ఉన్నాయి. ముఠావారు ఆయనకు బహుశా ఎదురుపడి నమస్కారం కూడా చేసి ఉంటారు. ఆయనకు ఏమీ తెలియలేదు.

ఇది ఎలా సాధ్యమైంది? ఆ కాలపు ప్రయాణాలను ఊహించుకోండి. రైళ్ళు లేవు. సెలవుమీద ఇంటికి వెళ్ళే సిపాయి నెలల జీతం నడుముకు కట్టుకుని నడిచిపోయేవాడు. సాహుకార్ల సొమ్ము మోసే మనుషులు, యాత్రికులు, పెళ్ళివారు వారాల తరబడి బాటలలోనే ఉండేవారు. ఒంటరి ప్రయాణం ప్రమాదమని అందరికీ తెలుసు. కాబట్టి తోడు దొరికితే సంతోషించేవారు. థగ్గులు అమ్మింది ఆ తోడునే.

ముఠాలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పని. బాటసారిని మాటలతో ఆకట్టుకునేవాడిని సోఠా అనేవారు. అతడు మర్యాదస్తుడు, మంచి బట్టలు కట్టినవాడు, నాలుగు కథలు తెలిసినవాడు అయి ఉండాలి. సత్రంలో పలకరిస్తాడు. ఎక్కడికి ప్రయాణమని అడుగుతాడు. తామూ అటే వెళ్తున్నామంటాడు. దారిలో దొంగలున్నారు, కలిసి వెళ్దాం అని హెచ్చరించేది కూడా అతడే. దొంగే దొంగల గురించి జాగ్రత్త చెప్పడాన్ని ఇక్కడ ప్రత్యేకంగా గమనించండి. తరువాత రోజుల తరబడి కలిసి నడుస్తారు, పక్కపక్కన వంట చేసుకుంటారు, పాటలు పాడుకుంటారు. ముందే ఎంచుకున్న చోటికి చేరాక నాయకుడు పొగాకు తెమ్మని ఒక మామూలు మాట అంటాడు. అదే సంకేతం. రుమాలు పట్టినవాడు వెనుకనుండి మెడకు బిగిస్తాడు, ఇంకొకడు చేతులు పట్టుకుంటాడు. గోతులు తవ్వేవాళ్ళు ముందే సిద్ధం. కొద్దిసేపటిలో అంతా అయిపోతుంది. అందరినీ చంపుతారు కాబట్టి చెప్పేవాడు మిగలడు. శవాలను పూడ్చేస్తారు కాబట్టి నేరం జరిగిన చోటు తెలియదు. ఇంటివారు నెలల తరువాత ఎదురుచూపులు మొదలుపెట్టేసరికి ముఠా వందల మైళ్ళు దాటిపోతుంది.

పైగా ఈ మనుషులు సొంత ఊరిలో హత్యలు చేయరు. అక్కడ వారు రైతులు, తండ్రులు, పండుగకు చందా ఇచ్చేవారు. కొన్నిచోట్ల జమీందారులకు దోపిడిలో వాటా ముట్టేది. సంస్థానాల సరిహద్దులు దాటితే ఒకరి పోలీసుకు మరొకరి భూమిలో అధికారం ఉండేది కాదు.

స్లీమన్‌కు ముందు వీరిని ఎవరూ పట్టుకోలేదనుకోవద్దు. దక్షిణాదిన ఇలాంటి ముఠాలను ఫాన్సీగర్లు అనేవారు. 19వ శతాబ్దం ఆరంభంలో చిత్తూరు మేజిస్ట్రేటుగా ఉన్న రైట్ అనే అధికారి వారిలో కొందరిని పట్టుకుని విచారించాడు. మద్రాసులో పనిచేసిన రిచర్డ్ షెర్‌వుడ్ అనే వైద్యుడు 1816లో వారి పద్ధతుల గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. అంటే మన చిత్తూరు ప్రాంతం ఈ చరిత్రలో మొదటినుండీ ఉంది. అయితే ఆ సమాచారం ముక్కలుగా ఉండిపోయింది. వాటిని కలిపి చూసినవారు లేరు.

పాఠ్యగత ప్రశ్న: థగ్గుల ముఠాలు చాలా కాలం బయటపడకపోవడానికి పైన చెప్పిన కారణాలలో మీకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా తోచినది ఏది? ఎందుకు?

11.4 ఫిరంగియా

1830 నాటికి స్లీమన్ జబల్‌పూర్, సాగర్ ప్రాంతాలలో ఏజెంటుగా ఉన్న ఫ్రాన్సిస్ కర్వెన్ స్మిత్ కింద పనిచేస్తూ పూర్తిగా ఈ విషయం మీదే దృష్టిపెట్టాడు. అప్పుడు ముఠా నాయకులలో ప్రసిద్ధుడు ఫిరంగియా. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు. చూడటానికి అందగాడు, మాట మృదువు. ఎవరైనా అతడిని ఇంటికి పిలిచి భోజనం పెట్టాలనుకుంటారు. స్లీమన్ మనుషులు అతడి తల్లిని, భార్యను, బిడ్డను పట్టుకుని జబల్‌పూర్‌లో నిర్బంధించారు. కుటుంబాన్ని వదిలి ఫిరంగియా ఎక్కువ దూరం వెళ్ళలేడని స్లీమన్ అంచనా వేశాడు. ఆ అంచనా నిజమైంది. 1830 చివరలో ఫిరంగియా దొరికాడు. ప్రాణం దక్కితే అన్నీ చెబుతానన్నాడు.

స్లీమన్ మొదట నమ్మలేదు. సలోహ్డా అనే ఊరి దగ్గర తోపులో డేరా వేసుకున్న రాత్రి ఫిరంగియా ఆ చుట్టుపక్కల కొన్ని చోట్లు చూపించాడు. తెల్లవారి తవ్వించారు. ఒకచోట 1818లో చంపబడిన ఒక పండితుడు, ఆయన పరివారం. మరొకచోట, గుర్రాలు కట్టిన తావులో, 1824లో చంపబడిన ఒక హవల్దారు, సిపాయిలు. మూడవ గుంట స్లీమన్ పడుకున్న డేరా కిందే ఉంది. గంగాజలం మోసుకువెళ్ళేవారి శవాలు అక్కడ పూడ్చి ఉన్నాయి. ఆ సమయానికి స్లీమన్ భార్య ఆ డేరాలో ఇంకా నిద్రపోతూనే ఉంది.

ఆనాటినుండి ఆయన పద్ధతి స్థిరపడింది. ముఠా సభ్యుడు ఒకడు అప్రూవరుగా మారతాడు. అతడు చెప్పినదాన్ని వేరే చోట నిర్బంధంలో ఉన్న మరొక అప్రూవరు మాటతో సరిపోల్చుతారు. గోతులు తవ్వి చూస్తారు. పోయినవారి బంధువులను వెదికి, దొరికిన వస్తువులను గుర్తుపట్టమంటారు. స్లీమన్ ముఠాల వంశవృక్షాలు గీయించాడు, హత్యాస్థలాలతో పటాలు తయారుచేయించాడు. వారి రహస్య భాష రామసీకి నిఘంటువులాంటి పుస్తకాన్ని 1836లో ప్రచురించాడు. 1835లో థగ్గుల అణచివేత శాఖకు సూపరింటెండెంటు అయ్యాడు. నిజాం రాజ్యంలోనూ ఈ పని సాగింది. అక్కడ పనిచేసిన మెడోస్ టేలర్ అనే అధికారి థగ్గుల మీద రాసిన నవల 1839లో ఇంగ్లండులో విపరీతంగా చదవబడింది.

ప్రభుత్వ లెక్కల ప్రకారం 1835 అక్టోబరు నాటికి 1,562 మందిని విచారణకు పంపారు. వారిలో 382 మందిని ఉరితీశారు. ఎక్కువమంది మిగిలినవారికి ద్వీపాంతరవాసమో యావజ్జీవ ఖైదో పడింది. 1836 నాటి 30వ చట్టం మరొక అడుగు ముందుకు వేసింది. ఫలానా హత్య చేశాడని రుజువు చేయనవసరం లేదు, థగ్గుల ముఠాలో ఎప్పుడైనా సభ్యుడిగా ఉన్నాడని తేలితే చాలు, యావజ్జీవం. ఈ వాక్యాన్ని మరొకసారి చదవండి. దీని ఫలితం చివరి భాగంలో చూస్తాం.

11.5 ఆయన అడిగిన ప్రశ్న

పట్టుబడినవారిని శిక్షించి ఊరుకుంటే స్లీమన్ గురించి పాఠం అక్కరలేదు. ఆయన వారితో గంటల తరబడి కూర్చుని మాట్లాడాడు. చంపేటప్పుడు జాలి కలగదా, తరువాత బాధ ఉండదా, చనిపోయినవారు కలలోకి రారా అని అడిగాడు. వారు చెప్పిన జవాబులను ఆయన విస్తారంగా రాసిపెట్టాడు.

ఆ జవాబులు ఒక తీరుగా లేవు. కొందరు అది దేవి ఆజ్ఞ, తమ బాధ్యత కాదు అన్నారు. ఎవరు ఎక్కడ ఎలా చావాలో ముందే రాసిపెట్టి ఉందన్నారు. హత్య తరువాత ముఠాలో ప్రసాదంగా పంచే బెల్లం తిన్నవాడి స్వభావమే మారిపోతుందని, ఆ రుచి చూసినవాడు ఎంత సంపద ఉన్నా తిరిగి బాట పట్టకుండా ఉండలేడని ఫిరంగియా వివరించాడు. తన తల్లివైపువారు కలిగినవారని, వేరే బతుకుతెరువు తనకు ఉండేదని, అయినా ముఠాకు దూరంగా ఉంటే మనసు నిలిచేది కాదని ఒప్పుకున్నాడు. స్త్రీలను, ఫకీరులను చంపరాదని కొన్ని నియమాలు ఉండేవి. వాటిని తప్పినందుకే దేవి తమను విడిచిపెట్టిందని కొందరు విచారించారు. విచారం చనిపోయినవారి గురించి కాదు, తమ అదృష్టం పోయినందుకు.

స్లీమన్‌ను అన్నిటికంటే కలవరపెట్టినది వేరొకటి. ఈ మనుషులు ఇంటివద్ద క్రూరులు కారు. భార్యాబిడ్డలను ప్రేమించేవారు. ఫిరంగియా కుటుంబం కోసమే దొరికిపోయాడు. హిందువులూ ముస్లిములూ ఒకే ముఠాలో ఒకరిమీద ఒకరు నమ్మకంతో ఉండేవారు. రాక్షసుల కోసం వెదికినవాడికి ఇరుగుపొరుగువారు కనిపించారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. బెహ్రామ్ అనే థగ్గు 931 హత్యలు చేశాడని చాలా పుస్తకాలలో ఉంటుంది. అవి నలభై ఏళ్ళలో అతడు ముఠాతో ఉండగా జరిగాయని చెప్పిన హత్యలు. తన చేతితో చంపినవారి సంఖ్య వేరొక చోట అంతకంటే చాలా తక్కువగా చెప్పాడు. అప్రూవరు ప్రాణం అతడి మాటల మీద ఆధారపడి ఉంటుంది. ఎక్కువ చెప్పినవాడికి ఎక్కువ విలువ. థగ్గులందరూ ఒకే మతాచారం గల ఒకే రహస్య సంఘం అన్న స్లీమన్ అభిప్రాయాన్ని ఇటీవలి దశాబ్దాలలో చరిత్రకారులు గట్టిగా ప్రశ్నించారు. హత్యలు జరిగాయి, గోతులు అబద్ధం కాదు. కాని ముఠాలలో కొలువు పోయిన సైనికులు, శిస్తు భారంతో చితికిన పల్లెలవారు, మామూలు దోపిడీదారులు కూడా ఉన్నారని, అందరినీ ఒకే గాటన కట్టడం కంపెనీకి అనుకూలమైందని వారి వాదన.

11.6 నేటి మనస్తత్వశాస్త్రం ఏమంటుంది

స్లీమన్ ఈ శాఖ చేపట్టిన 1835లోనే బ్రిస్టల్‌లోని ప్రిచర్డ్ అనే వైద్యుడు ఒక గ్రంథం ప్రచురించాడు. బుద్ధి చక్కగా పనిచేస్తూనే, భ్రాంతులేవీ లేకుండానే, మంచిచెడుల భావన మాత్రం చెడిపోయిన మనుషులుంటారని దానిలో ప్రతిపాదించాడు. ఈ ఇద్దరికీ ఒకరి పని ఒకరికి తెలిసినట్లు ఆధారాలు నాకు కనబడలేదు. వంద సంవత్సరాల తరువాత, 1941లో, అమెరికన్ మనోవైద్యుడు హార్వే క్లెక్లీ అలాంటివారిని సైకోపత్‌లు అనే పేరుతో వివరంగా చిత్రించాడు. మనకు మేకవన్నె పులి అనే మాట ఉంది కదా, ఆయన తన గ్రంథానికి ముసుగు అనే మాటతో పేరుపెట్టాడు. తరువాత కెనడాకు చెందిన రాబర్ట్ హేర్ ఈ లక్షణాలను 20 అంశాల పట్టికగా రూపొందించాడు.

ఆ లక్షణాలలో కొన్నిటిని స్లీమన్ జీవితం ఆధారంగానే అర్థం చేసుకోవచ్చు. మొదటి పరిచయంలోనే ఆకట్టుకునే పైపై మాధుర్యం. తడబాటు లేకుండా అబద్ధమాడటం. ఎదుటివారిని అవసరానికి వాడుకోవడం. పట్టుబడినా పశ్చాత్తాపం లేకపోవడం, తప్పును విధిమీదో బాధితుడిమీదో నెట్టడం. ఎదుటివాడికి బాధ కలుగుతుందని తెలుసు, కాని ఆ బాధ తనను తాకదు. సోఠాకు బాటసారి మనసు బాగా తెలుసు. తెలియకపోతే అతడిని ఆకట్టుకోలేడు. అర్థం చేసుకోవడం వేరు, సానుభూతి వేరు.

అయితే థగ్గులందరూ సైకోపత్‌లేనా? నా సమాధానం కాదు అనే. సైకోపతిక్ వ్యక్తిత్వం ఒక మనిషి బాల్యం నుండి, ఇంటా బయటా, అన్ని సంబంధాలలోనూ కనిపించే తీరు. వారికి గాఢమైన అనుబంధాలు నిలవవు, గుంపుకు విధేయత ఉండదు. థగ్గు తండ్రి దగ్గర కొడుకు పని నేర్చుకున్నాడు. మావారు, పైవారు అనే గీత ఒకటి గీసి, గీతకు అవతల ఉన్నవాడు మనిషి కాదని అతడికి నేర్పారు. వారిలో కొందరు సోఠాలు, నాయకులు నిజంగా ఆ వ్యక్తిత్వం గలవారై ఉండవచ్చు. మిగిలినవారు గుంపులో పెరిగి రాయిగా మారినవారు. ఈ రెండవరకం మరింత భయపెడుతుంది, ఎందుకంటే దానికి ఎవరైనా లోనుకావచ్చు.

మీరు గుర్తుంచుకోవలసినది ఇంకొకటి. సైకోపతిక్ లక్షణాలు గలవారందరూ హంతకులు కారు. ఎక్కువమంది ఎవరినీ చంపరు. ఉద్యోగాల పేరుతో, పెళ్ళి సంబంధాల పేరుతో, చిట్టీల పేరుతో మనుషులను పీల్చి వెళ్ళిపోతారు. ఈ పాఠం రాస్తుంటే మా పాత వీధిలో చిట్టీలు కట్టించిన ఒకాయన గుర్తుకువస్తున్నాడు. పెళ్ళింటికి అందరికంటే ముందు వచ్చేవాడు. చావింట్లో పాడె మోసేవాడు. పక్కవీధి చిట్టీ మనుషులను నమ్మవద్దని మా అమ్మకు చెప్పింది ఆయనే. ఒక రాత్రి ఇల్లు ఖాళీ చేశాడు. రెండేళ్ళ తరువాత బజారులో కనిపించినప్పుడు మా అమ్మ ముఖం తిప్పుకుంది, ఆయన మాత్రం నవ్వుతూ పిల్లలందరి పేర్లూ వరుసగా అడిగాడు. ఆయనకు ఏ పేరు పెట్టాలో నాకు తెలియదు, పెట్టే అర్హతా లేదు. ఆ నిర్ణయం శిక్షణ పొందిన మనోవైద్యుడు దీర్ఘమైన పరీక్ష తరువాత చేయవలసినది. మీ మేస్త్రీ కోపిష్ఠి అనో, మీ బావమరిది అబద్ధాలాడతాడనో ఆ మాట వాడకండి.

పేరు పెట్టకపోయినా జాగ్రత్తపడవచ్చు. స్లీమన్ రాతలలో బాటసారులు చిక్కిన తీరు చూస్తే కొన్ని విషయాలు మళ్ళీమళ్ళీ వస్తాయి. కొత్తవాడు అతి త్వరగా ఆత్మీయుడవుతాడు. మిగిలినవారందరూ ప్రమాదకరమని చెబుతాడు. ఇతరులను అడిగే వ్యవధి ఇవ్వడు, తెల్లవారకముందే బయలుదేరదామంటాడు. అతడి గురించి చెప్పగల మూడవ మనిషి ఎవరూ ఉండరు. దుబాయి వీసా పేరుతో డబ్బు కట్టించుకునే నకిలీ ఏజెంటు కూడా అచ్చంగా ఇలాగే మాట్లాడతాడు. మాటల తీపిని బట్టి ఏదీ తేలదు. పాత సంబంధాలలో అతడు ఎలా ప్రవర్తించాడో, తప్పు బయటపడిన రోజున ఏమి చేశాడో అడిగి తెలుసుకోవాలి.

చేసి చూడండి: మీకు గాని, మీకు తెలిసినవారికి గాని నమ్మకద్రోహం జరిగిన ఒక సందర్భాన్ని, పేర్లు రాయకుండా, పది వాక్యాలలో రాయండి. ముందుగానే కనిపించినా పట్టించుకోని సూచన ఏదైనా ఉందా? సంపర్క తరగతిలో చర్చించండి.

11.7 లక్నో, చివరి ప్రయాణం

1839లో స్లీమన్‌కు థగ్గులతోపాటు దోపిడీ ముఠాల అణచివేత కూడా అప్పగించారు. 1843 నుండి గ్వాలియర్‌లో, 1849 నుండి లక్నోలో రెసిడెంటుగా పనిచేశాడు. అవధ్ పల్లెలన్నీ తిరిగి అక్కడి పాలన ఎంత అధ్వాన్నంగా ఉందో నివేదించాడు. కాని ఆ రాజ్యాన్ని కంపెనీ కలిపేసుకోవడం సరికాదని, అలా చేస్తే సిపాయిలలో కలతరేగుతుందని హెచ్చరించాడు. గవర్నర్ జనరల్ డల్హౌసీ నివేదికను వాడుకున్నాడు, హెచ్చరికను వదిలేశాడు. 1856 ఫిబ్రవరిలో అవధ్‌ను కలిపేసుకున్నారు. ఆరోగ్యం చెడి ఇంగ్లండుకు ఓడలో బయలుదేరిన స్లీమన్ ఆ నెల 10వ తేదీన సింహళం సమీపంలో సముద్రం మీదే మరణించాడు. మరుసటి సంవత్సరమే సిపాయిల తిరుగుబాటు వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని కట్నీ జిల్లాలో స్లీమనాబాద్ అనే ఊరు ఆయన పేరుతో ఉంది.

11.8 ఆయన తరువాత

1830ల చివరలో జబల్‌పూర్‌లో అప్రూవర్ల కోసం ఒక పారిశ్రామిక పాఠశాల పెట్టారు. అక్కడ వారు డేరాలు కుట్టారు, తివాచీలు నేశారు. వారి కొడుకులు కూడా ఆ ప్రాకారం లోపలే పెరిగారు. తండ్రి థగ్గు కాబట్టి కొడుకూ థగ్గు కాగలడన్న అనుమానం ఆ ఏర్పాటులో ఉంది.

ఆ అనుమానం అక్కడితో ఆగలేదు. ముఠాలో సభ్యత్వమే నేరం అన్న 1836 చట్టం ఆలోచనను 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం కులాలకు, తెగలకు విస్తరింపజేసింది. ఇక ముఠా అక్కరలేదు, పుట్టుక చాలు. 1911లో ఆ చట్టం మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకల వంటి సంచార కులాలవారి పేర్లు పోలీసు రిజిస్టర్లకెక్కాయి. ఉప్పు, ధాన్యం ఎద్దులమీద మోసి అమ్ముకుని బతికిన వారి వ్యాపారాన్ని రైళ్ళు అప్పటికే దెబ్బతీశాయి. 1910లలో గుంటూరు జిల్లాలో, ఇప్పటి బాపట్ల జిల్లాలో, సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన స్టూవర్టుపురం అలాంటి సెటిల్‌మెంటే. అక్కడివారు హాజరు వేయించుకోవాలి. అనుమతి లేకుండా ఊరు దాటరాదు.

స్లీమన్ వ్యక్తులను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగాడు, వారి మాటలను గోతులతో సరిచూశాడు. ఆయన తరువాతి యంత్రాంగానికి ఆ ఓపిక లేదు. పేరూ కులమూ చూసి రాసుకుంది.

థగ్గుల శాఖను 1904లో మూసివేశారు. నేరస్థ తెగల చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ తెగలవారిని అప్పటినుండి విముక్త జాతులు అంటున్నారు. వారిలో చాలామంది ఆగస్టు 31వ తేదీని విముక్తి దినంగా జరుపుకుంటారు.